గ్యారేజీ మీది గూబలు

కొబ్బరికాయల మీద నాకొక ఫిర్యాదు ఉంది. దేవుడి ముందు కొట్టే కాయకు పీచు ఎంత ఉంచాలి, దెబ్బ ఎక్కడ వేయాలి, ఎవరు వేయాలి అన్నదానికి ఒక పద్ధతంటూ ఉండాలి. డర్బన్‌లో నేను చూసిన పద్ధతి ఒక్కటే. నేను కనబడితే కాయ నా చేతిలో పెట్టేవారు. గృహప్రవేశానికి పిలిస్తే కాయ, కొత్త కారు కొంటే కాయ, ఒకాయన కొత్త ఫ్రిజ్ తెచ్చుకుంటే దానిక్కూడా కాయ. నాకు కొబ్బరికాయ కొట్టడం రాదు. ఇంట్లో నాన్న కొట్టేవాడు, హాస్టల్లో ఎవరూ కొట్టలేదు. నేను కొడితే మూడు నాలుగు దెబ్బలకు గాని పగిలేది కాదు. పగిలినప్పుడు ఒక ముక్క నా చేతిలో మిగిలేది, తక్కినవి భక్తులకు నేరుగా అందేవి. "ఇండియాలో ఇట్లానే కొడతారు" అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవారు, గౌరవంగా.

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ కలిసి మొదటిసారి ఓట్లు వేసిన మరుసటి ఏడు నేనక్కడికి వెళ్ళాను. డర్బన్ శివార్లలో, ప్రాస్పెక్టన్‌లో ఒక పెద్ద కార్ల ఫ్యాక్టరీ ఉంది. దానికి చిన్న చిన్న ఇనప ముక్కలు చేసి ఇచ్చే కంపెనీలు చుట్టూ చాలా ఉండేవి. అలాంటి ఒకదానిలో నాణ్యత చూసే ఇంజనీరు ఉద్యోగం. అంతకుముందు ఎన్నో ఏళ్ళపాటు ఇండియాకూ ఆ దేశానికీ మధ్య రాకపోకలు సరిగ్గా లేవు. అక్కడి తెలుగువాళ్ళ ముత్తాతలు చెరుకు నరకడానికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మునిమనవలు ఇంగ్లీషులో పుట్టి ఇంగ్లీషులో పెరిగారు. తెలుగులో మిగిలింది అవ్వల తిట్లు, రెండు మూడు భజనలు, పులుసుల పేర్లు. అలాంటి చోట ఇండియా నుంచి సరాసరి దిగిన తెలుగువాడు మనిషి కాదు, ప్రమాణ గ్రంథం.

దీపం ఎటు తిరిగి ఉండాలని నన్ను అడిగేవారు. పోయినవాళ్ళ ఫొటో ఏ గోడకు పెట్టాలి, శుక్రవారం గోళ్ళు తీయవచ్చా అనేవారు. మొదటి నెల నిజాయితీగా "తెలియదండీ" అన్నాను. అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళ ముఖం చిన్నబోయేది, అంత దూరం నుంచి తెప్పించుకున్న డబ్బా విప్పితే లోపల ఏమీ లేనట్టు. రెండో నెల నుంచి తెలుసుననడం మొదలుపెట్టాను. అది మర్యాద అనుకున్నాను. దీపం తూర్పుకు. ఫొటో దక్షిణం గోడకు. గోళ్ళ విషయంలో మాత్రం ఆలోచించుకోవడానికి కొంత వ్యవధి అడిగాను.

డర్బన్‌లోనే ఓవర్‌పోర్ట్ అనే పేటలో ఒక పాత ఇంటి పెరట్లో, గ్యారేజీని ఆనుకుని ఉన్న గదిలో అద్దెకు దిగాను. ఇల్లు డెబ్బై దాటిన ఒక ముసలావిడది. కొడుకు, కోడలు, మనవరాలు ఆవిడతో పెద్ద ఇంట్లో ఉండేవారు. అందరూ అవ్వ అనేవారు, నేనూ అవ్వ అన్నాను. ఆ వీధిలో తెలుగుతో పూట గడుపుకోగల మనిషి ఆవిడ ఒక్కతే. ఆ తెలుగు మా అమ్మమ్మ తెలుగు కన్నా పాతది. శ్రీకాకుళం వైపు ఏదో పొలం గట్టు మీద నూరేళ్ళ కింద బయల్దేరి, టోంగాట్ చెరుకుతోటల్లో మూడు తరాలు కాపురం చేసి, దారిలో దొరికిన జులూ, ఇంగ్లీషు మాటల్ని ఎక్కించుకుని ఓవర్‌పోర్ట్ చేరింది.

దిగిన మొదటి సాయంత్రమే, ఇంకా వెలుతురు ఉండగానే, నా గది పక్క కప్పు మీద ఎవరో గొంతు సవరించుకున్నట్టు "హూ... హూ" అని వినబడింది. వెంటనే ఇంకో గొంతు మూడు ముక్కలుగా జవాబు చెప్పింది. బయటికి వచ్చి చూశాను. అవ్వ వెనక వరండా మెట్టు మీద కూర్చుని ఎనామిల్ కప్పుతో టీ తాగుతోంది.

"గూబ" అన్నాను, చదువుకున్నవాణ్ణి కాబట్టి.

"రెండు" అంది అవ్వ. "కూకో. నువ్వు నిలబడుంటే ఆళ్ళు ఎల్లరు."

గదిలోకి వెళ్ళి టార్చి తెచ్చి కప్పు మీదికి వేశాను.

"అది హంబ" అంది. పొమ్మనడానికి ఆవిడ జులూ మాట అది. కుక్కలకూ, అమ్మకానికి వచ్చేవాళ్ళకూ, టార్చిలకూ అదొక్కటే. ఆర్పి, వేలు పెట్టి చూపించాను. అదీ కుదరలేదు.

"ఏలు సూపించకు. నిన్నెవుడైనా అట్లా సూపిస్తే బాగుంటదా?"

కూర్చున్నాను. కాసేపటికి రెండూ ఒకదాని తరవాత ఒకటి అంచు మీదికి నడిచొచ్చాయి. ఒక్కోటి మూరెడు ఎత్తు. తల మీద చెవుల్లాంటి రెండు కుచ్చులు, పసుపు కళ్ళు, మా ప్లాంటు మేనేజరు మీటింగులో చూసే చూపు. రెక్కల చప్పుడు ఇంత కూడా లేకుండా అవకాడో చెట్టు మీదుగా వెళ్ళిపోయాయి. అవ్వ కప్పులో అడుగున మిగిలిన టీని మొక్కలో పోసి లోపలికి వెళ్ళింది. ఆట అయిపోయినట్టు.

గ్యారేజీది చదును కప్పు. దాని మీద ఒక సిమెంటు తొట్టి ఉండేది. అవ్వ భర్త, తాత, బతికున్న రోజుల్లో అందులో కరివేపాకు పెంచేవాడట. ఆయన పోయాక పైకి నీళ్ళు మోసేవాళ్ళు లేక చెట్టు ఎండిపోయింది. తరవాతి చలికాలం గూబలు ఆ తొట్టిని ఖాయం చేసుకున్నాయి. గూడు లాంటిదేమీ కట్టుకోలేదు. ఉన్న మట్టిలోనే కొంచెం పల్లం చేసుకుని గుడ్లు పెట్టాయి.

"కట్టరు, ఊడవరు, ఉన్నదాంట్లో ఉంటారు. అద్దెకొచ్చినోళ్ళ లెక్క" అంది అవ్వ, నా గది వైపు చూస్తూ.

రోజూ ఆ మెట్టు మీద కూర్చోవడం అలవాటైంది. ఫ్యాక్టరీలో పొద్దంతా ఇనప ముక్కల్ని కొలిచి గళ్ళ కాగితంలో నింపే చేయి ఇంటికొచ్చినా ఊరుకోలేదు. ఒక నోటుబుక్కు పెట్టాను. ఎన్ని గంటలకు లేచాయి, ముందు ఎవరు పిలిచారు, ఏ దిక్కుకు వెళ్ళాయి, తిరిగొచ్చేటప్పుడు కాళ్ళలో ఏముంది. గూబలు వేళ తప్పేవి కావు. మా ముక్కల గురించి ఆ మాట చెప్పలేను. గూబలు అరగని ఎముకల్నీ బొచ్చునీ ఉండలుగా కక్కి గోడ కింద పడేసేవి. అవ్వ ఆ ఉండల్ని ఏరి, పాత పేపరు మీద పుల్లతో విప్పి నా ముందు పెట్టేది. ఎలక పుర్రె, ఎలక దవడ, ఇంకో ఎలక దవడ. "ఇది మన వంటింటిది. ఇది పక్కింటిది" అని విడదీసేది. ఎలా పోల్చుకునేదో అడగలేదు.

మా ఊళ్ళో గూబ ఇంట్లో దూరితే ఇంటికి తాళం వేసి కొన్నాళ్ళు వేరేచోట ఉంటారని ఆవిడకు చెప్పాను. ఇది మాత్రం నిజమే. మా మేనమామ ఒకాయన ఆ కారణంగా ఆర్నెల్లు మా ఇంట్లో ఉన్నాడు.

"గూబకి ఇల్లిచ్చేసి ఈళ్ళు ఎల్లిపోయినారా?" అంది అవ్వ. కొంచెంసేపు ఆలోచించి, "మంచోళ్ళు" అంది.

ఆవిడకు భయమంటూ ఉంటే అది గూబ లేకపోవడం గురించి. చక్కెర మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో పుట్టింది. చెరుకు నిండా ఎలకలు, ఎలకల వెనక పాములు. "గూబ ఉన్న లైన్లో గుంటలు నేల మీద పడుకునేవోరు. లేని లైన్లో మంచం మీదే. మాకు గూబ ఉండేది" అని చెప్పేది, మాకు కారు ఉండేది అన్నట్టు. పిల్లల్ని ఆవిడ గుంటలనేది. నేనున్న రోజుల్లో ఆవిడకు సొంతమని చెప్పుకోదగ్గవి రెండే ఉండేవి. దేవుడి అరలో పెట్టుకున్న గుర్తింపు పుస్తకం, దాంతోనే బతుకులో మొదటిసారి ఓటు వేసింది. రెండోది సాయంత్రం గూబలు లేచే ఈ అరగంట. మిగతా ఇల్లంతా కొడుకు చేతుల్లో ఉంది, వంటిల్లు కోడలి చేతుల్లో.

రెండో ఏడు మనవరాలికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది టోంగాట్. నవంబరులో పెళ్ళి, రెండు వారాల ముందు ఆదివారం ఇంట్లో పసుపు దంచడం. దానికి రోలూ రోకలీ అవ్వవే. రోకలి తాత ఇక్కడి గట్టి చెక్కతో చేయించింది, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అదే సమయానికి తొట్టిలో పిల్లలు. రెండు. తెల్లటి నూగుతో, మెడలేని ముసలాళ్ళలా కూర్చునేవి. ఎవరైనా తొంగి చూస్తే ముక్కులు టకటకలాడించేవి. "ఇద్దరు గుంటలు పైన, ఒక గుంట కింద. ఈ ఏడు ఇంటినిండా శుభకార్యాలే" అంది అవ్వ.

ఒక ఆదివారం పెళ్ళివారు భోజనానికి వచ్చారు. పెరట్లో బల్లలు వేశారు. బిర్యానీ అయ్యాక నన్ను నడిమి కుర్చీలో కూర్చోబెట్టి ఇండియాలో పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయో చెప్పమన్నారు. గంటసేపు చెప్పాను. నేను మొత్తం మీద వెళ్ళిన పెళ్ళిళ్ళు ఏడో ఎనిమిదో, వాటిలో చూసింది ఎక్కువగా భోజనాల పందిరి. అయినా పదిహేనుమంది నా నోటివైపే చూస్తూంటే నోరు దానంతటదే నడిచింది. అవ్వ లోపల వడలు వేయిస్తోంది.

పెళ్ళికొడుకు మేనత్త గ్యారేజీ గోడ మీద తెల్లగా కారిన చారల్ని చూసింది. చూపు పైకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే తల్లి గూబ తొట్టి అంచు మీదికి వచ్చి, రెండు కుచ్చులూ నిలబెట్టి, పెళ్ళివారిని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది.

"ఇంటి మీద గూబ ఉందే" అంది మేనత్త. "ఇది బ్యాడ్‌లక్కు కాదా? అడగండి, మన ఇండియా బాబుని అడగండి."

ఆ ప్రశ్నకు సరైన జవాబు "కాదండీ". నేను ముఖం కదలనీయకుండా, "మా వైపు గూబ గూడు పెట్టిన ఇంట్లో పసుపు దంచరండీ" అన్నాను. అని ఆగాను. నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే, సరైన చోట ఆగడం. "దంచితే పెళ్ళికొడుకు పగలంతా పడుకుని రాత్రిళ్ళు తిరుగుతాడు."

బల్లలన్నీ నవ్వాయి. పెళ్ళికొడుకు ఎర్రబడ్డాడు. మేనత్త కూడా నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. నేను ఇంకో వడ తీసుకున్నాను. జోకులో రెండో సగానికి నవ్వి, మొదటి సగాన్ని ఆవిడ జాగ్రత్తగా టోంగాట్ పట్టుకెళ్ళిందని నాకు బుధవారం దాకా తెలియలేదు.

బుధవారం సాయంత్రం అవ్వ కొడుకు నా గదికి వచ్చాడు. ఆయనకు యాభై ఉంటాయి. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్వైజరు. బయటి దేశాల చొక్కాలు వచ్చి పడటం మొదలయ్యాక వాళ్ళకు వారానికి మూడు రోజులే పని. మిగతా నాలుగు రోజులూ కూతురి పెళ్ళిలో ఏ లోటూ రాకూడదని తిరిగేవాడు. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"తమ్ముడూ, స్ట్రెయిట్‌గా చెప్పు. ఆ పసుపు విషయం. అది రియల్‌గా ఉందా?"

"ఏమైందన్నా?"

"మేనత్త మూడుసార్లు ఫోను చేసింది. గూబలుంటే మీ ఇంట్లో వద్దు, పసుపు మా ఇంట్లో దంచుకుంటాం అంటోంది. మా పిల్ల పసుపు వాళ్ళింట్లోనా? అప్పుడు నేనెందుకు, ఫొటోలు తీయడానికా?"

జోకన్నా, ఉత్త జోకు. ఈ మాట అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి తీసుకున్నాను కూడా. కాని ఆ ఊపిరిలోనే చాలా సంగతులు తోచాయి. జోకంటే పెళ్ళివారి ముందు వాళ్ళ మేనత్తనే ఆట పట్టించినట్టు. ఇది జోకైతే దీపం తూర్పు సంగతేమిటని అడుగుతారు. దక్షిణం గోడ మీది ఫొటోల సంగతి అడుగుతారు. ఈయన అప్పటికే తన తండ్రి ఫొటోను నా మాట మీద ఒక గోడ నుంచి ఇంకో గోడకు మార్చాడు. పెళ్ళిలో కాయ కొట్టేది నేనని కార్డులో అచ్చువేయించాడు. ఇంతకు మించి గొప్ప కారణాలు ఉంటే బాగుండేది, ఎంత వెతికినా ఇవే ఉన్నాయి.

"శాస్త్రంలో ఉందని కాదు గానీ," అన్నాను, "పెద్దవాళ్ళు పాటించేవారు."

ఏ పెద్దవాళ్ళని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఆ పెద్దవాడి వయసు అప్పటికి ముప్పై మూడు.

"పిల్లలు ఎగిరేదాకా ఆగితే సరిపోతుంది కదన్నా" అన్నాను కొంచెం ఆగి, దయగా. నా నోటుబుక్కు లెక్కలో అందుకింకా మూడు వారాలు పైనే పట్టేలా ఉంది.

"ఆదివారం పసుపు" అన్నాడాయన. కొలత టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. "అమ్మని శనివారం టోంగాట్ పంపిస్తాను, మా పిన్నికి కార్డు ఇచ్చి రమ్మని."

శనివారం పొద్దున అవ్వను కారెక్కించారు. కారు మలుపు తిరగగానే నిచ్చెన వేశాం. ఎక్కింది ఆయన, పట్టుకున్నది నేను. ఈ భాగాన్ని నేను చాలామందికి చాలా రకాలుగా చెప్పుకున్నాను. కొన్నిసార్లు నేను ఊళ్ళోనే లేను. నిజానికి నిచ్చెన పట్టుకోవడమే కాదు, అరటిపళ్ళ అట్టపెట్టె తెచ్చిందీ, అడుగున పాత తువ్వాలు పరిచిందీ నేనే. పిల్లల్ని మెత్తగా దించాలని సూచనలు కూడా ఇచ్చాను. వాటి వెనకే మట్టి తోడేసి తొట్టినీ తాళ్ళతో దించాం. తల్లి పక్కింటి టీవీ యాంటెన్నా మీదికి ఎగిరి కూర్చుంది. పట్టపగలు, గోరింకలు దాని తల చుట్టూ మూగి గోల చేస్తున్నాయి. అది వాటి వైపు చూడలేదు. మా పెట్టె వైపే చూస్తోంది.

వీధి చివర వాననీళ్ళ కాలవ పక్కన కొంచెం అడవిలాంటి చోటు ఉంది. స్థలం నేనే ఎంచాను. నీడ, గాలి, మనుషులు రాకపోవడం, నీళ్ళ దగ్గర కాబట్టి ఎలకలు. నాలుగు కారణాలు చెప్పాను, వేళ్ళ మీద లెక్కపెట్టి. తొట్టిని అక్కడ దించి పిల్లల్ని అందులో పెట్టాం. "అరుపు విని తల్లి వస్తుంది" అన్నాను. ఎక్కడ చదివావని ఆయన అడగలేదు. ఎక్కడా చదవలేదు.

అవ్వ సాయంత్రానికి తిరిగొచ్చింది. వస్తూనే టీ పెట్టుకుని, కప్పుతో పెరట్లోకి వచ్చి, పైకి చూసి నిలబడిపోయింది.

"గుంటలేరి?"

"ఎగిరిపోయినాయమ్మా" అన్నాడు కొడుకు.

"ఎగిరినాయా." కప్పు రెండో చేతికి మార్చుకుంది. "తొట్టి కూడా ఎగిరిందా?"

"పందిరికి అడ్డమని తీయించాను."

అవ్వ ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది. "బాబూ, నీ బుక్కులో ఏటి రాసుంది?"

గురువారం నాటి పేజీలో 'రెక్కల్లో ఈకలు ఇంకా రాలేదు, నూగే' అని ఉంది. రాసినరోజే ఆ మెట్టు మీద ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడకు అది గుర్తుందని ఆవిడ ముఖంలో కనిపిస్తూనే ఉంది. గుర్తుండి కూడా అడుగుతోంది, నేను ఇంకోలా చెప్తే వింటానన్నట్టు.

"ఎగిరినట్టే ఉంది అవ్వా" అన్నాను.

ఆ వేళకు పిల్లలు బతికే ఉండి ఉంటాయి. అప్పుడు చెప్పినా సరిపోయేది. కాలవ దాకా నడక అయిదు నిమిషాలు.

చీకటి పడే ముందు మగ గూబ ఎలకను పట్టుకుని వచ్చింది. తొట్టి ఉన్నచోట సిమెంటు మీద గుండ్రంగా తడిమచ్చ మిగిలింది. అక్కడ వాలి, అటూ ఇటూ తిరిగి, పిలిచింది. ఆగింది. మళ్ళీ పిలిచింది. ఎలకను ఆ మచ్చ మధ్యలో పెట్టి పక్కకు జరిగి నిలబడింది. అవ్వ మెట్టు మీద, నేను పై మెట్టు మీద. నేను నోటుబుక్కు తెరవలేదు.

ఆదివారం పొద్దున్నే ఎవరూ లేవకముందు కాలవ దగ్గరికి వెళ్ళాను. తొట్టి ఉంది. పక్కన గడ్డి మీద తెల్లటి నూగు, కొంచెం. కోతులో, పిల్లులో, కుక్కలో నాకు తెలియదు. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, స్నానం చేసి, పంచె కట్టుకుని, పందిట్లో కొబ్బరికాయ కొట్టాను. అది ఒక్క దెబ్బకు గీత గీసినట్టు రెండు చెక్కలైంది, ఒక్క చుక్క ఒలకలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మేనత్త రోకలి మీద మొదటి చేయి వేసింది. రెండో చేయి అవ్వది.

మగ గూబ ఇంకో మూడు నాలుగు సాయంత్రాలు వచ్చింది. పొద్దున చూస్తే పెట్టిన ఎలక పెట్టినట్టే చీమలు పట్టి ఉండేది. అవ్వ కొడుకు చేతికి చేట ఇచ్చి ఎత్తించేది. తరవాత రెండూ రావడం మానేశాయి. పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళికొడుకు మంచివాడు, నాకు తెలిసినంతవరకు రాత్రిళ్ళు ఇంట్లోనే ఉంటాడు.

డిసెంబరులో, రోడ్ల పక్కన లిచీ గుత్తులు అమ్మే రోజుల్లో, ఎలకలు తిరిగొచ్చాయి. ముందు వంటింట్లో బియ్యం డ్రమ్ము దగ్గర, తరవాత వరండా కప్పుకు కొట్టిన చెక్కల పైన. కోడలు బోను తెచ్చింది. ఎలకలు అందులో పెట్టిన బ్రెడ్డు తిని వెళ్ళిపోయేవి. సాయంత్రాలు నేను ఫ్యాక్టరీలో ఆలస్యంగా ఉండటం నేర్చుకున్నాను. ఒకరోజు పెందలాడే వదిలేశారు. అవ్వ మెట్టు మీదే ఉంది. పక్కన ఇంకో కప్పు పెట్టి ఉంది, ఎన్నాళ్ళనుంచి పెడుతోందో. కూర్చున్నాను.

లిచీ వలిచి నా చేతిలో పెట్టింది.

"నా కొడుకు సెప్పినాడు" అంది. "పెళ్ళయినాక సెప్పినాడు. గూబ ఉంటే పసుపు దంచరు, ఇండియాలో అట్లా రూలు అని. నేను ఆడిని తిట్టినాను. ముందే సెప్పుంటే నేనే దించేదాన్ని గదా, దొంగతనంగా ఎందుకు అని."

నేను లిచీ గింజను చేతిలో తిప్పుతున్నాను.

"మాకు తెలీదు గదా" అంది. "మా అమ్మ సెప్పలేదు. ఆవిడకీ తెలీదేమో. ఓడలో వొచ్చినోళ్ళు ఏటి గుర్తెట్టుకుంటారు. నలుగురు ఆడపిల్లల పసుపు దంచినాం, పైన గూబ అరుస్తానే ఉంది. నా పెద్ద కూతురు మొగుడు పోయినాడు. అందుకేనేమో అనుకున్నాను మొన్న." ఇంకో లిచీ తీసింది. "రూలు అయితే సరేలే. నా గూబలు పోతే పోయినారు. గుంట బాగుండాల."

చాలా ఏళ్ళుగా నేను మాటల మధ్య ఆగడం గురించి గొప్పగా అనుకున్నాను. ఆ సాయంత్రం ఎక్కడా ఆగకుండా చెప్పేశాను. రూలు లేదని, అలాంటిది మా ఊళ్ళోనే కాదు, ఏ ఊళ్ళోనూ నేను వినలేదని, వడలు వేగుతుండగా నలుగురు నవ్వుతారని అన్నానని. బుధవారం కొడుకు వచ్చి అడిగాడని, అప్పుడూ చెప్పలేదని. నిచ్చెన, అరటిపళ్ళ పెట్టె, కాలవ, ఆదివారం పొద్దున గడ్డి మీది నూగు. పెద్దల్లుడు పోవడానికీ గూబకూ ఏ సంబంధమూ లేదని రెండుసార్లు చెప్పాను. దీపం సంగతి కూడా చెప్పాను, ఎటు తిరిగినా ఫరవాలేదని నా నమ్మకమని. ఆవిడ లిచీ తొక్కల్ని పేపరులో ఒకచోటికి చేర్చింది.

మా నెత్తి మీద చెక్కల పైనుంచి ఒక ఎలక ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. తీరిగ్గా, సొంత ఇంట్లోలా. అది ఆగేదాకా అవ్వ తల ఎత్తి వింది. తరవాత నా వైపు చూసింది.

"అయితే ఇకనించి ఎలకలు నువ్వు తిను" అంది.